మూడో పట్టా ఎక్కడుంది? మెర్క్‌లిన్ బొమ్మ రైలు గురించి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు స్టట్‌గార్ట్‌లో ఉంటారు. ఈసారి సెలవులకు వస్తూ అక్కడి పాత సామాన్ల సంతలో కొన్న బొమ్మ రైలు ఒకటి మా మనవడికి తెచ్చారు. నల్లటి చిన్న ఇంజన్, మూడు పెట్టెలు, రేకు పట్టాలు, నీలం రంగు ట్రాన్స్‌ఫార్మర్. డబ్బా మీద ‘మార్క్లిన్’ అని ఉంది. ఇంజన్ చేతిలో పెట్టుకుంటే ఆటవస్తువు బరువులా లేదు. ఈ కంపెనీ ఎవరిది, ఎప్పటిది? పట్టాల మధ్య వరసగా చిన్న చిన్న బొడిపెలు ఎందుకున్నాయి? ఇది మనవడి చేతికి ఇవ్వచ్చా, బీరువాలో దాచాలా? ఫోటో పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందు ఒక పని చేయండి. ఆ నీలం ట్రాన్స్‌ఫార్మర్‌ని ప్లగ్గులో పెట్టకుండా పక్కన ఉంచండి. కారణం కింద రాశాను. మిగతాదంతా సంతోషంగా చెప్పుకోవాల్సిన కథే.

మీ ఫోటో చూడగానే నా బల్ల మీదున్న ఇంజన్ వైపు చూశాను. రెండూ ఒకటే. మూడు జతల చక్రాలు, పొట్టి పొగగొట్టం, పక్కన నీళ్ల ట్యాంకులు. కంపెనీ కేటలాగులో దీని నంబరు 3000. 1950ల నుంచి దశాబ్దాల పాటు తయారుచేస్తూనే ఉన్నారు. లక్షల ఇళ్లలో పిల్లలకు దొరికిన మొదటి ఇంజన్ ఇదే. దీనికి మూలమైన అసలు ఇంజన్లు, అంటే జర్మన్ రైల్వే 89 తరగతి షంటింగ్ (యార్డులో పెట్టెలు అటూ ఇటూ జరిపే) ఇంజన్లు, 1930లలో కట్టినవి మొత్తం 10 మాత్రమే. అసలువి పది, బొమ్మలు లెక్కలేనన్ని!

నేను కాజీపేట లోకో షెడ్డులో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. తర్వాత మా పెద్దబ్బాయి ఉల్మ్ నగరంలో ఉద్యోగం చేస్తుంటే మూడు నెలలు వాడి దగ్గర ఉన్నాను. ఉల్మ్ నుంచి స్టట్‌గార్ట్ వెళ్లే పాత లైను మీద గైస్లింగెన్ ఘాట్ ఒకటి వస్తుంది. 1850లో వేసిన దారి అది. 44 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కాలి. గూడ్సు బండి వస్తే వెనక నుంచి ఇంకో ఇంజన్ నెట్టాల్సిందే. ఆ ఘాట్ దిగి లోయలోకి వచ్చాక, స్టట్‌గార్ట్ ఇంకా సుమారు 40 కిలోమీటర్లు ఉందనగా తగిలే ఊరే గోపింగెన్. మీ డబ్బాలోని రైలు పుట్టిల్లు అది. అన్నట్టు, ‘మార్క్లిన్’ అని చదువుతాం కానీ అక్కడివాళ్లు ‘మెర్క్‌లిన్’ అంటారు. అది వ్యవస్థాపకుడి ఇంటిపేరు.

థియోడోర్ ఫ్రీడ్రిష్ విల్హెల్మ్ మెర్క్‌లిన్ రేకు పనివాడు. 1859లో గోపింగెన్‌లో పని మొదలుపెట్టినప్పుడు ఆయన చేసింది రైళ్లు కాదు, లక్కపిడతలు. మన ఏటికొప్పాకలో కర్రతో చేసి లక్క పూస్తారే, వాటినే ఆయన రేకుతో చేశాడు. బొమ్మరిల్లు ఆడుకునే ఆడపిల్లల కోసం బుల్లి పొయ్యిలు, గిన్నెలు, గరిటెలు. ఆ ఊరికి రైలు వచ్చింది 1847లో. అంటే ఆయన దుకాణం పెట్టేనాటికి పన్నెండేళ్లుగా ఊళ్లో రైలు కూత వినబడుతూనే ఉంది. అయినా ఆ ఇంట్లో బొమ్మ రైలు తయారవడానికి ఇంకో 32 ఏళ్లు పట్టింది.

ఈ కథలో నాకు అందరికన్నా పెద్ద మనిషిగా కనిపించేది ఆయన భార్య కరోలినె. తయారీ ఆయనది, అమ్మకం ఆవిడది. నమూనాలు సర్దుకుని దక్షిణ జర్మనీ, స్విట్జర్లాండ్ ఊళ్లు తిరిగి ఆర్డర్లు తెచ్చేది. 1860ల్లో ఒక ఆడమనిషి ఒంటరిగా వ్యాపారం మీద ఊళ్లు తిరగడం ఎంత అరుదో మీకు చెప్పక్కర్లేదు. 1866లో ఆయన నేలమాళిగ మెట్ల మీంచి పడి చనిపోయాడు. ఇంట్లో చిన్న పిల్లలు. దుకాణం మూసేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆవిడ మూయలేదు. ఇరవై ఏళ్లకు పైగా నెట్టుకొచ్చి, 1888లో కొడుకుల చేతిలో పెట్టింది. అప్పుడే దానికి ‘మెర్క్‌లిన్ బ్రదర్స్’ అని అర్థం వచ్చే జర్మన్ పేరు స్థిరపడింది. కంపెనీ చరిత్ర రాసేవాళ్లు ఆవిడకు రెండు మూడు వాక్యాలు ఇచ్చి కొడుకు ఆయిగెన్ దగ్గరికి వెళ్లిపోతారు. ఆవిడ ఆ ఇరవై ఏళ్లు లాక్కురాకపోతే రాయడానికి ఆయిగెన్ కథ ఉండేది కాదు.

ఇక 1891. కొడుకులు ఎల్‌వాంగెన్ ఊళ్లో లుట్జ్ అనే పాత రేకు బొమ్మల కార్ఖానాను కొన్నారు. అదే ఏడు లైప్‌జిగ్ వసంత సంతలో, ఎనిమిది అంకె ఆకారంలో పట్టాలు పరిచి, కీ ఇస్తే నడిచే రైలు చూపించారు. కీ ఇచ్చే రైళ్లు అప్పటికే వేరేవాళ్లవీ ఉన్నాయి. అయితే అవి ఏ బొమ్మకా బొమ్మే. కొన్నావా, ఆడావా, విరిగిందా, అంతే. మెర్క్‌లిన్‌వాళ్లు పట్టాల వెడల్పులకు 1, 2, 3 అని నంబర్లు పెట్టారు. ఒక నంబరు పెట్టె కొంటే అదే నంబరు పట్టాలు, పాయింట్లు (బండిని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించే పట్టాలు), పెట్టెలు, స్టేషన్లు విడివిడిగా దొరుకుతాయి. ఈ క్రిస్మస్‌కి ఒక గుండ్రం, వచ్చే క్రిస్మస్‌కి ఒక పాయింటు, ఆపై ఏడు ఒక వంతెన. బొమ్మరిల్లుకు గిన్నెలు ఒక్కొక్కటే చేర్చుకునే అలవాటున్న ఇంట్లోంచే ఈ ఆలోచన వచ్చిందని నా నమ్మకం. ఆ నంబర్లను మిగతా కంపెనీలూ పట్టుకున్నాయి. ఆ తర్వాత 32 మిల్లీమీటర్ల 0 గేజ్ (గేజ్ అంటే పట్టాల మధ్య వెడల్పు) వచ్చి ఇంకా ఎక్కువగా చెల్లింది.

రైల్వేలో పనిచేసినవాడికి గేజ్ అంటే ఏమిటో తెలుసు. మీటర్ గేజ్ నుంచి బ్రాడ్ గేజ్‌కి బండి మారడానికి జనం మూటలు మోసుకుని ప్లాట్‌ఫారాలు దాటడం నేను చిన్నప్పుడు చూశాను. వెడల్పు ఒకటే అయితే లోకం కలుస్తుంది, లేకపోతే విడిపోతుంది. ఆ కిటుకు బొమ్మల్లో ముందుగా పట్టుకున్నారు కాబట్టే వీళ్లు నిలిచారని నేను అనుకుంటాను.

మీ డబ్బాలోనిది 0 గేజ్‌లో సగం. అందుకే దీని పేరు ‘హెచ్ సున్నా’. జర్మన్‌లో హెచ్ అంటే ‘హాల్బ్’, సగం అని. పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు, అసలు బండిలో 87వ వంతు. ఈ సైజును మెర్క్‌లిన్ బయటపెట్టింది 1935లో. ఇక్కడ న్యాయంగా ఇంకో పేరు కూడా చెప్పాలి. అంతకు కొద్ది నెలల ముందే, అదే లైప్‌జిగ్‌లో, అదే వెడల్పుతో న్యూరెంబర్గ్ కంపెనీ ట్రిక్స్ తన కరెంటు రైలు చూపించింది. ట్రిక్స్ వెనకున్న మనిషి స్టెఫాన్ బింగ్. ఒకప్పుడు ప్రపంచంలోనే పెద్ద బొమ్మల కంపెనీల్లో ఒకటైన బింగ్ కుటుంబానికి చెందినవాడు. యూదుడు. నాజీల కాలంలో కంపెనీని వదులుకుని 1938లో ఇంగ్లండ్ వెళ్లిపోవాల్సి వచ్చింది. 1997లో ట్రిక్స్‌ని మెర్క్‌లినే కొనేసింది. జర్మన్ బొమ్మ రైళ్ల చరిత్ర చెప్పేవాళ్లు ఆయన పేరు దాటవేయకూడదు.

ఇప్పుడు మీరడిగిన బొడిపెలు. మామూలు బొమ్మ రైలుకు రెండు పట్టాలు, ఒకటి ప్లస్, ఒకటి మైనస్. మీ మనవడు దారిని మెలిక తిప్పి, వెళ్లిన బండి మళ్లీ అదే లైనులోకి ఎదురు తిరిగి వచ్చేట్టు వేశాడనుకోండి. కుడి పట్టా తిరిగొచ్చి ఎడమ పట్టాకు తగులుతుంది. ప్లస్సూ మైనస్సూ కలిసి షార్ట్. పిల్లలు అందరికన్నా ముందు వేసే దారి అదే! మెర్క్‌లిన్‌లో కరెంటు మధ్య నుంచి వస్తుంది, బయటి పట్టాలు రెండూ కలిపి తిరుగు దారి. అందుకే దారిని ఎన్ని మెలికలు తిప్పినా షార్ట్ కాదు. మొదట్లో మధ్యలో నిజంగానే మూడో పట్టా ఉండేది. అసలు రైలుకు మూడో పట్టా లేదు కదా, చూపుకు బాగోలేదని 1950ల్లో దాన్ని తీసేసి, చెక్కల మధ్య దాగే బొడిపెలు పెట్టారు. ఇంజన్ బోర్లించి చూడండి. పొట్ట కింద పొడవాటి లోహపు పట్టీ ఉంటుంది. అది బొడిపె మీంచి బొడిపె మీదకు జారుతూ కరెంటు అందుకుంటుంది. మన ఇంజన్‌కి నెత్తిన పై తీగ నుంచి కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్ ఉన్నట్టు దీనికి పొట్ట కింద ఉందనుకోండి.

మధ్యలో పారేది ఏసీ కరెంటు, అంటే ప్లస్ మైనస్ తమంతట తామే మారుతుండే కరెంటు. ప్లస్ మైనస్ మార్చి వెనక్కి నడిపే వీలు ఏసీలో లేదు. దానికి వీళ్లు చేసిన ఏర్పాటు చూసి నేను చాలాసేపు ఇంజన్ పక్కన పెట్టలేకపోయాను. నడపడానికి 16 వోల్టుల వరకు చాలు. ట్రాన్స్‌ఫార్మర్ నాబ్‌ని సున్నా కన్నా ఇంకాస్త ఎడమకు తిప్పి వదిలితే ఒక్క క్షణం 24 వోల్టులు వెళ్తాయి. ఆ దెబ్బకు ఇంజన్ లోపలి రిలే, అంటే కరెంటుతో కదిలే చిన్న స్విచ్చి, ‘టిక్కు’మని పక్కకు పడుతుంది, మోటారు దిశ మారుతుంది. మా షెడ్డులో పెద్ద ఇంజన్లకు రివర్సర్ అని ఒకటుంటుంది, దాని పనీ ఇదే. దాన్ని ఎత్తడానికి మనుషులు కావాలి, దీన్ని పట్టుకోవడానికి ట్వీజర్ కావాలి. పై తొడుగు స్క్రూ విప్పితే మోటారు కనిపిస్తుంది. మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లు రెండూ ఒకే రకం కావు, ఒకటి బొగ్గు, రెండోది రాగి తీగతో అల్లిన వల. మొదటిసారి చూసినప్పుడు ఎవరో తప్పు బ్రష్ పెట్టారనుకుని మార్చబోయాను. అసలు తీరే అంత.

ఈ 3000 నంబరు పాత ఇంజన్‌ను ఇవాళ కంపెనీ అమ్ముతున్న కొత్త ప్లాస్టిక్ గట్టు పట్టాల మీద పెట్టండి, నడుస్తుంది. 1985లో డిజిటల్ పద్ధతి వచ్చింది. ఒకే దారి మీద 80 ఇంజన్ల వరకు దేనికది వేరుగా నడిపే ఏర్పాటు. అప్పుడు కూడా పాతవాటిని పారేయమనలేదు, చాలావాటికి లోపల చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు బిగించుకోవచ్చు. తాత కొన్న ఇంజన్‌తో మనవడు ఆడగలిగే ఏర్పాటు ఇది. నేను మెచ్చేది దీన్నే.

మీ ట్రాన్స్‌ఫార్మర్ సంగతి. ఆ నీలం రేకు డబ్బా వయసు మీ అల్లుడి కన్నా ఎక్కువే అయి ఉంటుంది. అప్పటి వైరు మీది రబ్బరు ఎండి పెళుసుబారుతుంది. వంచితే చిట్లుతుంది, పై డబ్బా మొత్తం లోహం. పైగా అది 220 వోల్టుల లెక్కకు చేసింది. ఇవాళ్టి 230 మీద పెడితే ఆ 24 వోల్టుల దెబ్బ ఇంకా పైకి పోతుంది. దాన్ని బాగుచేయించే ఆలోచన కూడా వద్దు. కొత్తది, ప్లాస్టిక్ డబ్బాతో వచ్చే ఏసీ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి మీ అల్లుడితో తెప్పించండి. ఒకప్పుడు జర్మనీలోనే ఇంటి కరెంటును బల్బు గుండా తిన్నగా బొమ్మ పట్టాల్లోకి పంపేవాళ్లు. మెర్క్‌లిన్ 1926లో 20 వోల్టుల పద్ధతికి మారింది. చిన్నపిల్లల విషయంలో ఆ జాగ్రత్త మనమూ పడాలి.

బీరువాలో మాత్రం పెట్టకండి. నడవని ఇంజన్‌లో నూనె గడ్డకడుతుంది. పిల్లవాడికి ఇవ్వండి, పక్కన మీరు కూర్చోండి.

ప్రశ్న: మెర్క్‌లిన్ దివాలా తీసిందని ఎక్కడో చదివాను. ఇప్పుడు ఉందా? దాని పాత రైళ్లకు లక్షల ధర పలుకుతుందన్నది నిజమేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఉంది. గోపింగెన్‌లోనే ఉంది. దివాలా కూడా నిజమే. 2006లో కుటుంబ వారసులు కంపెనీని ఒక బ్రిటిష్ పెట్టుబడి సంస్థకు అమ్మేశారు. మూడేళ్లు తిరక్కుండానే, 2009 ఫిబ్రవరి 4న గోపింగెన్ కోర్టులో దివాలా అర్జీ పడింది. సరిగ్గా 150వ పుట్టినరోజు ఏడాది. బ్యాంకులు అప్పు పొడిగించలేదు. సలహాదారుల ఫీజులకే కోట్ల యూరోలు పోయాయని తర్వాత బయటపడింది. రైలు ఎలా నడుస్తుందో తెలిసిన మనుషులు ఫ్యాక్టరీలోనే ఉన్నారు. వాళ్లను అడగకుండా బయటివాళ్లకు అంత డబ్బు పోయడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. దివాలా బాధ్యత తీసుకున్న అధికారి దాన్ని ముక్కలు చేసి అమ్మకుండా నిలబెట్టాడు. 2013లో బవేరియాలోని సింబా డికీ అనే బొమ్మల కంపెనీ కొంది. అది జీబర్ కుటుంబానిది. ఇప్పుడు గోపింగెన్‌లోనూ, హంగరీలోని గ్యోర్‌లోనూ తయారీ జరుగుతోంది. తోటల్లో నడిపే పెద్ద సైజు ఎల్‌జీబీ రైళ్లు కూడా 2007 నుంచి వీళ్లవే.

ధరల మాట. యుద్ధానికి ముందువి, చేతితో రంగు వేసిన రేకు స్టేషన్లు, పెద్ద గేజ్ ఇంజన్లు చాలా ధర పలుకుతాయి. 2005 జనవరిలో గోపింగెన్ మ్యూజియంలో దొంగలు పడి పది లక్షల యూరోలకు పైగా విలువ చేసే పాత బొమ్మలు ఎత్తుకెళ్లారు. అదృష్టం, కొద్ది నెలల్లోనే దొరికాయి. 1947లో హెచ్ సున్నాలో చేసిన ‘మొసలి’ కోసం కూడా పోటీ ఉంటుంది. స్విట్జర్లాండ్ గొట్‌హార్డ్ కొండదారిలో నడిచిన ఆకుపచ్చ ఎలక్ట్రిక్ ఇంజన్ అది. రెండు వైపులా పొడుగాటి ముక్కులు, మధ్యలో క్యాబ్, నడుము దగ్గర మలుపు తిరిగే కట్టు. వంపులో పోతుంటే నిజంగా మొసలి ఒళ్లు తిప్పినట్టే ఉంటుంది. అయితే మామూలుగా సంతలో దొరికే 3000 లాంటివి అపురూపం కావు. ధర కోసం కొనేవాళ్లు ఒకటి గమనించాలి. యుద్ధం ముందు, యుద్ధం దరిదాపుల్లో పోత పోసిన కొన్ని జింకు భాగాలకు తెగులు ఉంటుంది. జింకులో సీసం లాంటి కల్తీ కలిస్తే లోపల్లోపలే పగుళ్లు తీసి, ఉబ్బి, చివరికి బిస్కెట్టులా పొడి అవుతుంది. దానికి మందు లేదు. ఇంజన్‌ను పక్కనుంచి వెలుతురులో పెట్టి, అంచులు వంకర పోయాయేమో చూసి కొనండి.

ప్రశ్న: మన గోదావరి ఎక్స్‌ప్రెస్ లాంటి బండిని ఈ జర్మన్ పట్టాల మీద నడపాలని నా కోరిక. పెట్టెలు నేనే అట్టతో చేసుకుంటాను. కొలతలు చెప్పగలరా?
– ఒక విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: బాబూ, కోరిక బాగుంది. ఒక చిక్కు మాత్రం ముందే తెలుసుకో. 16.5 మిల్లీమీటర్లను 87తో హెచ్చిస్తే 1435.5 వస్తుంది. అది యూరప్ పట్టాల వెడల్పు. మన బ్రాడ్ గేజ్ 1676. దాన్ని 87తో భాగిస్తే 19.3 మిల్లీమీటర్లు రావాలి. అంటే జర్మన్ పట్టా మీద మన బండి పెడితే, పెట్టె సరిగ్గానే ఉన్నా కింద చక్రాలు దగ్గరగా, కాళ్లు ముడుచుకున్నట్టు కనిపిస్తాయి. ఇక్కడ మన రైళ్ల మోడళ్లు చేసేవాళ్లు చాలామంది దీనికి రాజీపడి 16.5 మీదే నడుపుతారు. నువ్వూ అలాగే మొదలుపెట్టు.

పాత నీలం ఐసీఎఫ్ (చెన్నై పెట్టెల ఫ్యాక్టరీ) పెట్టె వెడల్పు 3245 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 37 మిల్లీమీటర్ల పైచిలుకు. జర్మన్ పెట్టె పక్కన పెడితే నీది లావుగా ఉంటుంది, కంగారుపడకు, అసలు బండ్లూ అంతే. ఐసీఎఫ్ పెట్టెల డిజైన్ మొదట వచ్చింది స్విట్జర్లాండ్ నుంచి. ఇప్పటి ఎల్‌హెచ్‌బీ పెట్టెలు జర్మనీ నుంచి వచ్చాయి. ఆ మూడక్షరాలూ లింకె, హోఫ్‌మన్, బుష్ అనే జర్మన్ పేర్లు. కాబట్టి నీ అట్ట పెట్టెకు ఆ పట్టాలు పూర్తిగా పరాయివేమీ కావు. చక్రాలు మాత్రం అట్టతో చేయకు, రెడీమేడ్‌వి కొను. మెర్క్‌లిన్ పట్టాలకైతే ఏసీ చక్రాలని అడుగు. బయటి పట్టాలు రెండూ ఒకటే కాబట్టి అక్కడ ఇన్సులేషన్ పట్టింపు లేదు, అంచుల కొలతలోనే తేడా.

ప్రశ్న: మా దగ్గరున్న పాత మెర్క్‌లిన్ ఇంజన్ ముందుకు బాగానే వెళ్తుంది. వెనక్కి తిప్పబోతే దిశ మారదు, ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. మోటారు పోయిందా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: మోటారు బాగానే ఉంది. ఆ 24 వోల్టులకు రిలే కదలడం లేదు, అందుకని ఆ కరెంటంతా మోటారుకు పోయి ఇంజన్ దూకుతోంది. నాదీ అలాగే దూకేది. అమ్మినవాడు బాగా నడుస్తుందని చెప్పి, ముందుకు మాత్రమే నడిపి చూపించాడు. ఇంటికొచ్చి తొడుగు విప్పితే రిలే కీలు దగ్గర పాత నూనె బెల్లప్పాకంలా గట్టిపడి ఉంది. దూది చుట్టిన పుల్లను స్పిరిట్‌లో ముంచి రెండు సాయంత్రాలు ఓపిగ్గా తుడిచాను. మూడో రోజు నాబ్ తిప్పితే టిక్కుమంది.

తుడిచాక కూడా దూకితే రిలేకున్న చిన్న స్ప్రింగు బిగువు ఎక్కువైందని అర్థం. దాన్ని లాగి సాగదీస్తే పాడైపోతుంది. స్ప్రింగు తగిలించిన కొక్కేన్ని వెంట్రుకవాసి వంచండి, ఒక్కోసారి కొంచెం, ప్రతిసారీ నడిపి చూస్తూ. మరీ వదులైతే మామూలుగా నడుస్తుండగానే దిశ మారిపోతుంది. అప్పుడు వెనక్కి వంచండి. చివర్లో ఇరుసుల దగ్గర సూదిమొనతో ఒక్కో చుక్క కుట్టుమిషన్ నూనె. బ్రష్‌ల దగ్గర, రిలే దగ్గర మాత్రం ఒక్క చుక్క కూడా వేయకండి.